తలుపు గట్టిగా వేయండి!

అరవై రెండేళ్లు వచ్చేదాకా ఆ లెక్కల మాస్టారికి కారు అవసరం పడలేదు. విజయవాడ సత్యనారాయణపురంలో సొంతిల్లు. మొదట సైకిలు, తర్వాత స్కూటరు... ముప్పై నాలుగేళ్ల సర్వీసు వాటిమీదే గడిచిపోయింది. 2021లో ఆవిడకు పక్షవాతం వచ్చాక లెక్క మారింది. కుడిచెయ్యి, కుడికాలు పట్టు తప్పాయి. మాట తిరిగొచ్చింది కానీ గొంతు రాలేదు. పక్కన కూర్చుంటే తప్ప వినపడనంత సన్నగా మాట్లాడుతుంది. వారానికి మూడుసార్లు సూర్యారావుపేట వెళ్లి ఫిజియోథెరపీ చేయించాలి. ఆవిణ్ని ఆటో ఎక్కించడం ఒక యజ్ఞం, దించడం ఇంకో యజ్ఞం. వర్షం పడిన రోజు ఆ ఆటో కూడా దొరకదు.

అందుకే అరవై రెండో ఏట మాస్టారు డ్రైవింగ్ స్కూల్లో చేరారు. తన దగ్గర చదువుకున్న పిల్లల వయసున్న కుర్రాడు 'క్లచ్చు సార్, క్లచ్చు...' అని అరుస్తుంటే తలవంచుకుని నేర్చుకున్నారు. 2023 మే నెలలో గుంటూరు బ్రాడీపేటలో ఓ బ్యాంకు ఉద్యోగి తన చిన్న కారు అమ్ముతున్నాడని తెలిస్తే అల్లుణ్ని వెంటబెట్టుకుని వెళ్లారు. 2012 మోడల్. పెద్దగా తిరగలేదు. రంగు కాస్త వెలిసింది కానీ ఇంజిన్ చప్పుడు బాగుంది. లక్షా అరవై వేలకు బేరం కుదిరింది. ఫారం 29, ఫారం 30 సంతకాలు, పద్నాలుగు రోజుల్లోగా బీమా పేరు మార్పించుకోవడం... ఆ పనులన్నీ అల్లుడే చూసుకున్నాడు.

తాళంచెవికి ఒక నల్లటి రిమోట్ వేలాడుతోంది. డ్యాష్‌బోర్డు మీద, స్టీరింగ్‌కి ఎడమపక్క, కందిపప్పు బద్దంత ఎర్రదీపం. అది వెలగడం లేదు.

'దొంగల అలారం అండీ. పనిచెయ్యదు. ఎప్పుడో తీసేయించాం' అన్నాడు అమ్మినతను. ఎందుకో అతను చెప్పలేదు. మాస్టారు అడగలేదు.

వీధిలో చీకటి

సత్యనారాయణపురం పాత వీధుల్లో ఇళ్లు ఉన్నాయి కానీ కార్లకు చోటు లేదు. అందరూ గోడవారగా నిలబెట్టుకోవాల్సిందే. మాస్టారి కారూ అంతే. గుమ్మానికి పది అడుగుల దూరంలో, పడకగది కిటికీలోంచి కనపడేలా ఉంటుంది.

ఆ ఏడు కార్తీకమాసంలో ఓరోజు పొద్దున్నే ఎదురింటి రైల్వే ఉద్యోగి కేకలు వినపడ్డాయి. ఆయన కారు బానెట్ తెరిచి ఉంది. బ్యాటరీ ఉండాల్సిన చోట రెండు వైర్లు వేలాడుతున్నాయి. రాత్రి ఎవరో నిదానంగా, పనిముట్లతో విప్పుకుపోయారు. చుట్టూ పదిళ్లున్నాయి. ఒక్కరికీ మెలకువ రాలేదు.

పోయింది నాలుగైదు వేల వస్తువే. కానీ మాస్టారికి ఆ రోజంతా మనసు మనసులో లేదు. అదే తన కారుకు జరిగి ఉంటే? ఆ రోజు ఫిజియోథెరపీ రోజు. బ్యాటరీ కాకుండా కారే పోతే? మళ్లీ కొనే శక్తి లేదు. ఆవిడ కాలు ఇప్పుడిప్పుడే నాలుగడుగులు వేస్తోంది. మధ్యలో మానేస్తే ఏమవుతుందో డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు.

సాయంత్రం మాస్టారు కారులో కూర్చుని ఆ ఎర్రదీపం వంక చాలాసేపు చూశారు.

మొదట రిమోట్ విప్పారు. లోపల చిటికెన వేలి కొసంత బ్యాటరీ ఉంది. చూడ్డానికి చిన్నదే కానీ పన్నెండు వోల్టులది. కొత్తది వేయించారు. బటన్ నొక్కితే రిమోట్ మీద దీపం వెలిగింది. కారులో మాత్రం చలనం లేదు.

దగ్గర్లో కార్లకు స్టీరియోలు, సీట్ కవర్లు అమ్మే దుకాణానికి వెళ్లారు. అక్కడి కుర్రాడు బానెట్ కూడా ఎత్తలేదు. 'పాతది పీకి పారేద్దాం సార్. కొత్త కిట్ మూడున్నర వేలు. గంటలో బిగించేస్తా' అన్నాడు.

'ఇది ఎందుకు పనిచెయ్యట్లేదు?'

'ఎవరికి తెలుసు సార్? పాతదిగా!'

లెక్కల మాస్టారికి ఈ జవాబు నచ్చలేదు. జవాబు తప్పొస్తే పేజీ చించెయ్యడం ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఏ మెట్టు దగ్గర తప్పిందో చూపించమనేవారు. కుర్రాడికి నమస్కారం పెట్టి వచ్చేశారు.

ఆటోనగర్ మేస్త్రీ

ఎదురింటాయన కొత్త బ్యాటరీ బిగించిన షాపు ద్వారా ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ సంగతి తెలిసింది. లారీల వైరింగ్‌తో మొదలుపెట్టి నలభై ఏళ్లుగా అదే పనిలో ఉన్నాడట. రేకుల షెడ్డు, ఓ బల్ల, బల్లమీద సాల్డరింగ్ కడ్డీ, మల్టీమీటరు. బోర్డు కూడా లేదు.

మేస్త్రీ డ్రైవరు సీటు ముందు నేలమీద వెల్లకిలా పడుకుని, తల స్టీరింగ్ కిందకి దూర్చి టార్చి వేశాడు. కాసేపటికి లోపల్నుంచే మాట్లాడాడు.

'మాస్టారూ, ఇది పాడైంది కాదండీ. ఎవరో కావాలని తీసింది.'

చేత్తో తడిమి చూపించాడు. స్టీరింగ్ కింద అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత నల్లటి పెట్టె. అలారానికి అదే మెదడు. దానికి రావాల్సిన వైర్ల గుత్తి ఊడదీసి, మొనకి టేపు చుట్టి, ప్లాస్టిక్ తాడుతో పక్కకి కట్టేసి ఉంది. బానెట్ కింద సైరన్ వైర్లు రెండూ కత్తిరించి ఉన్నాయి. దేని చివర దానికి విడివిడిగా టేపు వేసి ఉంది. స్టార్టరుకు వెళ్లే వైరును అలారం మధ్యలో ఆపకుండా నేరుగా కలిపేశారు.

'పనివాడు చేసిన పనే. కోపంతో లాగేసినట్టు లేదు. ఎప్పుడైనా మళ్లీ కలుపుకుంటారేమోనని జాగ్రత్తగా దాచినట్టుంది' అన్నాడు మేస్త్రీ లేచి కూర్చుంటూ.

'అయితే కలిపెయ్యండి మరి.'

మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు. 'కలపడానికి అరగంట చాలు. కానీ ఎందుకు తీశారో తెలియకుండా కలిపితే, వాళ్లకొచ్చిన ఇబ్బందే రేపు మీకూ వస్తుంది. మళ్లీ నా దగ్గరికే వచ్చి తీసెయ్యమంటారు. అమ్మినాయన నంబరుందా?'

గుంటూరు కబురు

షెడ్డు ముందు నిలబడే మాస్టారు ఫోను చేశారు. బ్యాంకులో ఉన్నట్టున్నాడు, భోజనాల వేళ తనే తిరిగి చేశాడు. అలారం సంగతి అడగ్గానే అవతల కాస్త నిశ్శబ్దం.

'మా అమ్మకు గుండె ఆపరేషన్ అయిందండీ, 2018లో. ఇంటికి తీసుకొచ్చాక నెల్లాళ్లు నిద్రపట్టేది కాదు. అదేం ఖర్మోగానీ సరిగ్గా అప్పుడే ఈ అలారం మొదలుపెట్టింది. రాత్రి పన్నెండుకోసారి, రెండుకోసారి, నాలుగుకోసారి మోగేది. బయట ఎవరూ ఉండేవారు కాదు. అమ్మ ఉలిక్కిపడి లేచి గుండె పట్టుకుని కూర్చునేది. మూడు రాత్రులు చూశాం. నాలుగోరోజు మెకానిక్‌ని ఇంటికే పిలిచి తీసేయించాను.'

'తర్వాత పెట్టించుకోలేదా బాబూ?'

'అమ్మ కోలుకున్నాక పెట్టిద్దామనుకున్నాం. రెండేళ్లు బాగానే ఉంది. తర్వాత పోయింది. ఇక ఆ కారు తీయబుద్ధి కాలేదండీ. అలారం మాట గుర్తే లేదు.'

మాస్టారికి ఏమనాలో తోచలేదు. మేస్త్రీ పక్కనుంచి సైగ చేస్తే ఫోను అతనికిచ్చారు.

మేస్త్రీ రెండే ప్రశ్నలు అడిగాడు. 'అంతకుముందు ఎప్పుడైనా అలా మోగిందా సార్?' లేదన్నాడతను. 'అమ్మగారు ఏ సీట్లో కూర్చునేవారు?'

'వెనక, ఎడమపక్క. ఆసుపత్రికి రోజూ తిప్పేవాళ్లం.'

'రాత్రిళ్లు కూడా ఆ తలుపు తీసేవారా?'

'మందుల సంచీ, దిండు ఆ సీట్లోనే ఉండేవి కదండీ. పడుకునే ముందు తీసుకొచ్చేవాణ్ని. అమ్మకు అప్పుడే కళ్లు మూతలు పడుతుండేవి. చప్పుడు కాకూడదని తలుపు మెల్లగా వేసేవాణ్ని...'

మేస్త్రీ ఫోను తిరిగిచ్చేశాడు. 'దొరికింది' అన్నాడు.

రబ్బరు టోపీ

మేస్త్రీ వెనక ఎడమ తలుపు తీసి చూపించాడు. తలుపు చట్రంలో బొత్తాం లాంటిది ఒకటుంది. తలుపు మూస్తే అది లోపలికి నొక్కుకుంటుంది, తెరిస్తే బయటికొస్తుంది. కారు పైకప్పులో దీపం తలుపు తీయగానే వెలిగేది దీనివల్లే. అలారానికి 'తలుపు తెరిచారు' అని కబురు చేరేదీ దీనివల్లే. నాలుగు తలుపులకీ ఒక్కోటి ఉంది. మిగతా మూడింటి మీద రబ్బరు టోపీలు బాగున్నాయి. దీనిమీద టోపీ అరిగి, చీలిపోయింది.

'టోపీ అరిగితే బొత్తాం పూర్తిగా నొక్కుకోదు మాస్టారూ. తలుపు గట్టిగా వేస్తే పర్వాలేదు. మెల్లగా వేస్తే అంచు మీద నిలబడుతుంది. వీధిలో లారీ వెళ్లినా, కాస్త అదిరినా లోపల తగులుతుంది. తలుపు తెరిచారనుకుని అలారం అరుస్తుంది.'

తలుపు మెల్లగా మూసి, కారు వెనక భాగాన్ని అరచేత్తో ఊపాడు. పైకప్పు దీపం ఒక్కక్షణం మిణుక్కుమని ఆరింది. మరోసారి గట్టిగా మూసి ఊపాడు. దీపం కదలలేదు.

మాస్టారు ఆ తలుపు వంక చూస్తూ ఉండిపోయారు. తల్లి నిద్ర చెడకూడదని కొడుకు తలుపు మెల్లగా వేశాడు. మెల్లగా వేసినందుకే ఆవిడ నిద్ర చెడింది. ఎవరిదీ తప్పు కాదు. ఆ రాత్రుళ్లలో ఆ దీపం వంక చూసే తీరిక మాత్రం ఎవరికి ఉంటుంది?

టోపీతో సహా కొత్త బొత్తాం స్విచ్చి నూటయాభై రూపాయల్లోపే వచ్చింది.

మేస్త్రీ ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి పని మొదలుపెట్టాడు. కత్తిరించిన చోట్ల వైర్లు మెలిపెట్టి టేపు చుట్టలేదు. సాల్డరింగ్ చేసి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాడు. 'టేపు మన ఎండలకు జారిపోతుందండీ. వానాకాలానికి అక్కడే తుప్పు పడుతుంది' అన్నాడు. సైరన్‌కు విడిగా కరెంటిచ్చి చూస్తే గొంతు బొంగురుపోయినట్టు మోగింది. దాని మూతి పైకి ఉండటంతో నీళ్లు చేరాయి. విప్పి, ఆరబెట్టి, ఈసారి మూతి కిందకి ఉండేలా బిగించాడు. గొంతు తేటపడింది. పెట్టెకి వెళ్లే కరెంటు వైరుకు కొత్త ఫ్యూజు వేశాడు.

ఒక్కచోట ఆగి మాస్టారిని అడిగాడు.

'స్టార్టరు వైరు మళ్లీ అలారం గుండా పోనివ్వమంటారా? అలా చేస్తే దొంగ తాళం తిప్పినా బండి స్టార్ట్ కాదు. మంచిదే. కానీ ఇది పాత పెట్టె. లోపల రిలే ఎప్పుడైనా మొరాయిస్తే మీకూ స్టార్ట్ కాదు. అర్ధరాత్రి అమ్మగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వస్తే...'

మాస్టారు ఎక్కువసేపు ఆలోచించలేదు. 'వద్దు. దాన్ని నేరుగానే ఉంచండి. దొంగ కోసం ఓ ఇనపకడ్డీ కొంటాను' అన్నారు. స్టీరింగ్‌కు అడ్డంగా బిగించే తాళం ఆ సాయంత్రమే కొన్నారు.

చివర్లో వైర్ల గుత్తి పెట్టెకి గుచ్చాడు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం టప్పున వెలిగింది. మాస్టారు రిమోట్ నొక్కారు. అయిదేళ్లు కరెంటు లేకపోయినా పెట్టె ఆ రిమోట్‌ను మరిచిపోలేదు. మొదటిసారి పలకలేదు, వెంటనే రెండోసారి నొక్కితే 'కుయ్' అంది. నాలుగు తలుపులూ ఒక్కసారిగా లాక్ అయ్యాయి.

కూలీ, సామాను కలిపి తొమ్మిది వందలు తీసుకున్నాడు మేస్త్రీ. కారు కదులుతుంటే కిటికీ దగ్గరికొచ్చి చెప్పాడు. 'మాస్టారూ, తలుపు గట్టిగా వేయండి.'

నాన్నా... పులి!

మూడో రాత్రి రెండున్నరకు వీధి మొత్తం లేచింది. మాస్టారు లుంగీ సర్దుకుంటూ పరిగెత్తేసరికి బానెట్ మీంచి పిల్లి తాపీగా దిగుతోంది. ఎదురింటాయన అరుగు మీద నిలబడి, 'ఏం మాస్టారూ... దొంగలు రాకుండా మమ్మల్నందర్నీ కాపలా కూర్చోబెడతారా?' అన్నాడు. బ్యాటరీ పోయిన మనిషే ఆ మాట అనేసరికి మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు మళ్లీ ఆటోనగర్. అలారానికి తలుపు బొత్తాలే కాదు, అదురును కనిపెట్టే చిన్న పరికరం కూడా ఉంటుంది. దానికో మర. ఒకవైపు తిప్పితే ఈగ వాలినా అరుస్తుంది, రెండోవైపు తిప్పితే అద్దం పగిలితేగానీ అరవదు. చిన్న అదురుకు రెండు కూతలు, పెద్ద దెబ్బకు పూర్తి సైరన్ వచ్చే ఏర్పాటు అందులోనే ఉంది. మేస్త్రీ మరను కాస్త కాస్త తిప్పుతూ, అరచేత్తో చక్రం మీద, అద్దం అంచు మీద కొడుతూ అరగంట చూశాడు. పిల్లి బరువుకు ఊరుకోవాలి, బానెట్ పైకి లాగితే అరవాలి. మొత్తానికి ఆ చోటు దొరికింది.

'ఉత్తినే అరిచే అలారమూ, అసలు లేని అలారమూ ఒకటే మాస్టారూ. నాలుగుసార్లు ఉత్తినే అరిస్తే అయిదోసారి ఎవరూ లేవరు' అన్నాడు.

'నాన్నా పులి కథ' అన్నారు మాస్టారు. ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన కథే. కారుకు కూడా పనికొస్తుందని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

మేస్త్రీ మరోటి కూడా చూపించాడు. కారు తాళం వేసి ఊరికే ఉన్నప్పుడు అలారం ఎంత కరెంటు తాగుతుందో మల్టీమీటరు పెట్టి కొలిచాడు. ముప్పై మిల్లీ ఆంపియర్లు. మిగతా లెక్క మాస్టారు నోటితోనే చేసేశారు. రోజుకు ఇరవై నాలుగు గంటలు, అంటే 0.72 ఆంపియర్ అవర్లు. బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. కారు కదలకుండా ఉంటే ఇరవై నాలుగు రోజులకు సగం ఖాళీ. 'అమ్మాయి దగ్గరికి హైదరాబాద్ వెళ్లి నెల్లాళ్లుంటే బ్యాటరీ వైరు ఊడదీసి వెళ్లాలన్నమాట' అన్నారు. మేస్త్రీ తలూపాడు.

బీమాలో ఏమైనా తగ్గుతుందేమోనని అల్లుడు వాకబు చేశాడు. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్‌లో దొంగతన నిరోధక పరికరాలకు సొంత నష్టం ప్రీమియంలో రెండున్నర శాతం, మించితే 500 రూపాయలదాకా తగ్గింపు రాశారు. అయితే ఆ పరికరం పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ ఆమోదించినదై ఉండాలి, బిగించినట్టు ధ్రువపత్రం ఉండాలి. ఈ పాత పెట్టెకు ఏ కాగితమూ లేదు. 'పోనీలే' అన్నారు మాస్టారు. అల్లుడు ఇంకో మాట చెప్పాడు. కారు పోయిందని బీమా అడిగితే కంపెనీవాళ్లు రెండు తాళంచెవులూ చూపించమంటారు, రెండోది జాగ్రత్త అని. అప్పుడు గుర్తొచ్చింది... రెండో తాళంచెవి ఉంది కానీ దాని రిమోట్ లేదు.

గుంటూరు ఫోను చేస్తే 'వెతుకుతానండీ' అన్నాడతను. వారానికి కొరియర్‌లో చిన్న కవరొచ్చింది. లోపల రిమోట్. దానికి కట్టిన పసుపు దారం అలాగే ఉంది.

రెండో రిమోట్

రిమోట్ మీద నాలుగు బటన్లు. లాక్ చేసేది, లాక్ తీసేది, డిక్కీది. నాలుగోదాని మీద గంట బొమ్మ. దాన్ని రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఊరికే సైరన్ మోగుతుంది, దీపాలన్నీ కొట్టుకుంటాయి. కారు పక్కన ఎవరైనా మీదకొస్తే నలుగుర్నీ పిలవడానికట.

మాస్టారు ఆ రాత్రి ఆవిడకు ఇవన్నీ వివరిస్తుంటే ఆవిడ ఎడమచెయ్యి చాచింది. రిమోట్ అందుకుని, గంట బొమ్మ మీద బొటనవేలు పెట్టి ఆయన వంక చూసింది.

మాట పడిపోయినప్పట్నుంచీ ఆ ఇంట్లో ఉన్న కష్టం అదే. ఆయన డాబా మీద ఉన్నా, వీధిలో ఉన్నా ఆవిడ పిలుపు వినపడదు. పూజ గంట మంచం పక్కన పెట్టారు, వంటింటి దాకా కూడా రాలేదు. వైర్లు లేని కాలింగ్ బెల్ కొన్నారు, అదీ ఇంటి గోడలు దాటదు. సెల్‌ఫోన్ తెర మీద ఎడమచేతి వేళ్లు తడబడి ఒకటి నొక్కబోతే ఇంకోటి పడుతుంది. అందుకని మాస్టారు కూరల కోసం వెళ్లినా పరుగున వచ్చేవారు. ఆయన వచ్చేదాకా ఆవిడ మంచం దిగేది కాదు.

'నొక్కు' అన్నారు మాస్టారు. ఆవిడ నొక్కిపట్టుకుంది. కిటికీ అవతల కారు గొంతెత్తింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆవిడ ఉలిక్కిపడి వదిలేసి, తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి చాన్నాళ్లయింది.

మర్నాడు మాస్టారు అటు అయిదిళ్లకూ ఇటు అయిదిళ్లకూ వెళ్లి చెప్పారు. 'పిల్లి సంగతి సరిచేయించాను. ఇకమీదట ఊరికే మోగదు. పగలు మోగిందంటే మాత్రం మా ఆవిడ పిలిచినట్టు. నేను ఇంట్లో లేకపోతే కాస్త తొంగిచూడండి.' వెనక తలుపు తాళంచెవి ఎదురింట్లో ఇచ్చారు. రెండో రిమోట్‌ను పసుపు దారం తీయకుండానే మెత్తటి తాడుకు గుచ్చి ఆవిడ మెళ్లో వేశారు.

'నేనే అరిచాను'

2024 ఫిబ్రవరిలో ఓ మంగళవారం. పనిమనిషి గిన్నెలు తోమి వెళ్లింది. మాస్టారు రైతుబజారుకు వెళ్లారు. తిరిగొస్తూ వీధి మలుపు తిరిగేసరికి సైరన్ వినపడింది. ఆగి, మళ్లీ మొదలైంది. ఆయన చేతిలో సంచీ ఎక్కడ పడేశారో తర్వాత గుర్తులేదు.

ఇంట్లోకి వెళ్లేసరికి ఎదురింటాయన, ఆయన భార్య, పక్కింటి కాలేజీ కుర్రాడు ఉన్నారు. ఆవిడ స్నానాలగది గడప దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాలు జారి పడింది. లేవలేకపోయింది. చేతికర్ర అవతలికి దొర్లిపోయింది. ఎడమచెయ్యి మాత్రం రిమోట్‌ను పట్టుకునే ఉంది.

'అక్కయ్యగారిని కదపకుండా మిమ్మల్ని రానిద్దామని ఆగాం మాస్టారూ' అంది ఎదురింటావిడ. ఆ కుర్రాడు అప్పటికే ఆవిడ డాక్టరుకు ఫోను చేసి ఉన్నాడు. కారులో సూర్యారావుపేట తీసుకెళ్లారు. ఎక్స్‌రే తీశారు. ఎముకకు ఏమీ కాలేదు. తుంటి దగ్గర కమిలింది అంతే. 'చాలాసేపు అలాగే తడి నేల మీద పడి ఉంటే వేరేలా ఉండేది' అన్నాడు డాక్టరు.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఏదో అంది. ఇంజిన్ చప్పుడులో వినపడలేదు. మాస్టారు కారు పక్కకి ఆపి చెవి దగ్గర పెట్టారు.

'నేనే... అరిచాను' అంది ఆవిడ.

ఆ రాత్రి మాస్టారు గుంటూరు ఫోను చేసి జరిగింది చెప్పారు. అవతల అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. 'ఆ రిమోట్ అమ్మ బీరువాలో దొరికిందండీ. తాళాలన్నిటికీ పసుపు దారం కట్టడం ఆవిడ అలవాటు. అలారం ఆవిణ్ని భయపెట్టిందనే ఇన్నాళ్లూ అనుకున్నాను.' కాస్త ఆగి, 'అమ్మగారిని అడిగినట్టు చెప్పండి' అన్నాడు.

ఇప్పుడు ఆవిడ కర్ర సాయంతో వీధి గుమ్మం దాకా నడుస్తుంది. మాస్టారు కూరలకు వెళితే నిదానంగా బేరమాడి వస్తున్నారు. ఎదురింటాయన కూడా తన కారును ఆటోనగర్ తీసుకెళ్లాడు.

రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు మాస్టారు వీధిలోకి వెళ్తారు. స్టీరింగ్‌కు ఇనపకడ్డీ తాళం వేస్తారు. వెనక ఎడమపక్క తలుపు ఒకసారి తీసి గట్టిగా వేస్తారు. దబ్బుమని వీధంతా వినపడుతుంది. రిమోట్ నొక్కితే కారు 'కుయ్' అంటుంది. కిటికీలోంచి ఆవిడ ఆ ఎర్రదీపం వెలిగి ఆరడం చూసి, పక్కకి తిరిగి పడుకుంటుంది.